ఔటైన పిల్లవాడి చూపు ఎటు వెళ్తుంది: చిన్న వయసు క్రికెటర్ల మనసును మలిచే తీరు

ఆదివారం ఉదయం సికింద్రాబాదులో ఏ పెద్ద మైదానానికి వెళ్ళినా మూడు నాలుగు మ్యాచ్‌లు పక్కపక్కనే జరుగుతూ కనిపిస్తాయి. వాటిలో ఏదో ఒకదాని దగ్గర కాసేపు నిలబడి, పన్నెండు పదమూడేళ్ళ పిల్లవాడు ఔటైన క్షణంలో అతని ముఖాన్ని మాత్రమే గమనించండి. స్టంపు పడిన చప్పుడు ఇంకా చెవిలో ఉండగానే చాలామంది పిల్లల చూపు బంతి మీదికి గానీ, బౌలరు మీదికి గానీ వెళ్ళదు. బౌండరీ అవతల చెట్టునీడలో బండి మీద కూర్చున్న నాన్న మీదికి వెళ్తుంది. ఆ తరువాత తల వంచుకుని నడక మొదలవుతుంది. ఇంటికి వెళ్ళే దారిలో రాబోయే ప్రశ్న ఆ పిల్లవాడికి ముందే తెలుసు: "ఏరా, ఎన్ని కొట్టావు?"

పది నుంచి పదహారేళ్ళ లోపు పిల్లలకు చాలా ఏళ్ళుగా ఆట నేర్పుతున్న నేను, ఒక పిల్లవాడి మనసు ఆటకు ఎంత సిద్ధంగా ఉందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి పరీక్షను చూడలేదు. ఔటైన వెంటనే అతని చూపు పెద్దవాళ్ళ వైపు వెళ్ళిందంటే, అతను బంతితో కాకుండా వాళ్ళ అంచనాలతో ఆడుతున్నాడని అర్థం. కవర్ డ్రైవ్ నేర్పినంత శ్రద్ధగా ఆ చూపును మళ్ళీ బంతి మీదికి తీసుకురావడం కోచ్ పని, తల్లిదండ్రుల పని కూడా. ధైర్యంగా ఆడమని, భయపడవద్దని, ఏకాగ్రతతో ఉండమని ఎన్నిసార్లు చెప్పినా పిల్లవాడికి చేయడానికి ఏమీ దొరకదు. భయపడకుండా ఉండడమంటే ఏ కండరాన్ని కదిలించాలో అతనికి తెలియదు. అందువల్ల మనసుకు సంబంధించిన ప్రతి పాఠాన్నీ చేతితోనో, కాలితోనో, ఊపిరితోనో చేయగలిగిన పనిగా మార్చి ఇవ్వాలి. ఈ వ్యాసంలో చెప్పబోయే పద్ధతులన్నీ అలాంటివే.

బంతికీ బంతికీ మధ్య

మన అకాడమీలలో నెట్స్ ఎలా నడుస్తాయో ఒకసారి గుర్తు చేసుకోండి. ఒక బ్యాట్స్‌మన్‌కు ఆరేడుగురు బౌలర్లు వరుసగా నిలబడి ఉంటారు. ఒకరి బంతిని ఆడి తల ఎత్తేసరికి మరొకరు పరుగు మొదలుపెట్టి ఉంటారు. పదిహేను నిమిషాలలో పిల్లవాడు యాభై అరవై బంతులు ఆడి, చెమటలు కక్కుకుంటూ బయటికి వస్తాడు. తండ్రి సంతృప్తిపడతాడు, కోచ్ కూడా సంతృప్తిపడతాడు. కానీ మ్యాచ్‌లో అలా ఉండదు. అక్కడ ఒక బంతికీ మరో బంతికీ మధ్య అర నిమిషం ఉంటుంది, ఓవరు మారేటప్పుడు ఇంకా ఎక్కువ ఉంటుంది. పిల్లవాడి మనసు చెదిరేది సరిగ్గా ఆ అర నిమిషంలోనే. పోయిన బంతికి బ్యాటు తగలలేదన్న బాధ, స్లిప్‌లో ఉన్నవాడు అన్న మాట, స్కోరుబోర్డు మీది అంకె, చెట్టు కింద నాన్న, అన్నీ అప్పుడే వచ్చి మీద పడతాయి. వారానికి ఐదు రోజులు సాధన చేసినా ఆ విరామాన్ని ఎలా గడపాలో మనం ఒక్క రోజు కూడా నేర్పడం లేదు.

కాబట్టి వారంలో కనీసం రెండు రోజులు నెట్స్ నడిపే తీరు మార్చండి. ఒక బౌలరు ఆరు బంతుల ఓవరు పూర్తిగా వేయాలి. ప్రతి బంతి తరువాత బౌలరు నడిచి తన గుర్తు దగ్గరికి వెళ్ళేదాకా బ్యాట్స్‌మన్ క్రీజు వదిలి, లెగ్ సైడు వైపు రెండు మూడు అడుగులు పక్కకు జరగాలి. అక్కడ గ్లవ్ పట్టీని విప్పి మళ్ళీ బిగించుకోవాలి. ముక్కుతో గాలి పీల్చి, పీల్చినదానికంటే నెమ్మదిగా నోటితో వదలాలి. ఆ తరువాత తల ఎత్తి ఫీల్డర్లు ఎక్కడున్నారో కాదు, ఖాళీలు ఎక్కడున్నాయో చూడాలి. అప్పుడు క్రీజులోకి వచ్చి, గార్డ్ గీత మీద కాలు సరిచూసుకుని, బ్యాటును రెండుసార్లు నేలకు తట్టి, కళ్ళను బౌలరు చేతిలోని బంతి మీద నిలపాలి. మొదటి వారం పిల్లలు దీనిని నాటకంలా చేస్తారు, ఒకరిని చూసి ఒకరు నవ్వుకుంటారు, కొందరు మరిచిపోతారు. నెల తిరిగేసరికి కాళ్ళు వాటంతట అవే పక్కకు జరుగుతాయి.

ఇందులో చివరి అడుగుగా పిల్లవాడు తనకు తాను చెప్పుకునే ఒక చిన్న మాట ఉండాలి. ఆ మాటను కోచ్ ఇవ్వకూడదు, పిల్లలే ఎంచుకోవాలి. నా దగ్గర ఆడిన ఒక పన్నెండేళ్ళ అమ్మాయి "వచ్చేది" అని అనుకునేది. పోయిన బంతి కాదు, వచ్చే బంతి అని ఆమె ఉద్దేశం. ఒక మ్యాచ్‌లో వరుసగా మూడు బంతులు ఆమె ఆఫ్ స్టంపును రాసుకుంటూ వెళ్ళాయి. మూడుసార్లూ ఆమె పక్కకు జరగడం, గ్లవ్ పట్టీ లాగడం, పెదవులు ఆ మాటను పలకడం నేను బౌండరీ దగ్గర నుంచి స్పష్టంగా చూశాను. నాలుగో బంతి ఫుల్ లెంగ్త్‌లో పడింది. దానిని మిడాన్ పక్కనుంచి రెండు పరుగులకు ఆడింది. గొప్ప షాట్ ఏమీ కాదు. కానీ మూడు బంతులు తప్పిన తరువాత నాలుగో బంతిని దాని విలువను బట్టి ఆడగలగడం ఆ వయసులో సామాన్యమైన విషయం కాదు.

పిల్లలకు ఈ లెక్క కూడా చెప్పండి. రెండు గంటలు క్రీజులో నిలిచిన బ్యాట్స్‌మన్ అందులో అరవై బంతులు ఎదుర్కొన్నాడనుకుందాం. బౌలరు పరుగు మొదలుపెట్టిన దగ్గర నుంచి బంతి ఆడే వరకు ఒక్కో బంతికి పది సెకన్లు వేసుకున్నా మొత్తం పది నిమిషాలే. అంటే రెండు గంటల ఏకాగ్రత ఎవరూ అడగడం లేదు. పదేసి సెకన్ల చొప్పున అరవైసార్లు అడుగుతున్నారు, అంతే. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి ఒక క్రీజు నుంచి మరో క్రీజుకు చేరడానికి సెకనులో మూడింట రెండు వంతుల కాలం కూడా పట్టదు. ఆ కాస్త సమయంలో మనసు మరెక్కడో ఉంటే ఎంత మంచి టెక్నిక్ ఉన్నా ఉపయోగం లేదు. మిగిలిన నూటపది నిమిషాలూ మనసుకు విశ్రాంతి ఇవ్వవచ్చని తెలిసినప్పుడు పిల్లల భుజాలు తేలికపడడం కళ్ళారా చూడవచ్చు.

వి.వి.ఎస్. లక్ష్మణ్ 2001 మార్చిలో ఈడెన్ గార్డెన్స్‌లో ఆడిన 281 పరుగుల ఇన్నింగ్స్ గురించి వినని పిల్లవాడు మన దగ్గర ఉండడు. అయితే దానిని మనం వీరగాథగా చెబుతాము గానీ పాఠంగా చెప్పము. వరుసగా పదహారు టెస్టులు గెలిచి వచ్చిన ఆస్ట్రేలియా మీద, 274 పరుగులు వెనకబడి ఫాలో ఆన్ (అంటే వెంటనే రెండో ఇన్నింగ్స్) ఆడుతున్న భారత జట్టు అది. నాలుగో రోజు ఉదయం నుంచి సాయంత్రం దాకా లక్ష్మణ్, ద్రవిడ్ కలిసి ఒక్క వికెట్టు కూడా పోకుండా 335 పరుగులు జోడించారు. ఉదయం గార్డ్ తీసుకునేటప్పుడు రోజంతటినీ తలకెత్తుకుని ఉంటే అది అయ్యే పనేనా అని మీ పిల్లలను అడగండి. రోజులో తొంభై ఓవర్లు, ఓవరుకు ఆరు బంతులు. ఎంత పెద్ద ఇన్నింగ్స్ అయినా ఆడేది ఆ ఒక్కొక్క బంతినే.

ఔటైన తరువాత

చిన్నపిల్లలకు క్రికెట్ కఠినమైన ఆట. ఫుట్‌బాల్‌లో ఒక పాస్ తప్పితే మరు నిమిషంలో బంతి మళ్ళీ కాలికి వస్తుంది. బ్యాట్స్‌మన్ ఒక్క తప్పు చేస్తే ఆ రోజంతా కూర్చుని ఇతరులు ఆడేది చూడాలి, మళ్ళీ అవకాశం వచ్చే ఆదివారమే. అంత పెద్ద శిక్షను ఆట తానే వేస్తుంటే, దాని మీద మనం ఇంకొకటి వేయనక్కరలేదు.

వైఫల్యం గురించి మాట్లాడేటప్పుడు ఓదార్పు మాటలకంటే అంకెలు మేలు చేస్తాయని నా అనుభవం. బ్రాడ్‌మన్ సగటు 99.94 అని అందరికీ తెలుసు, 80 టెస్టు ఇన్నింగ్స్‌లో ఏడుసార్లు సున్నాకే ఔటయ్యాడని పిల్లలకు తెలియదు. సచిన్ తెందూల్కర్ ఆడిన మొదటి రెండు వన్డేలలోనూ సున్నాయే, వన్డేలలో మొదటి సెంచరీ వచ్చింది 79వ మ్యాచ్‌లో, 1994లో. లక్ష్మణ్ టెస్టుల్లోకి వచ్చింది 1996లో, మొదటి సెంచరీ 2000 జనవరిలో సిడ్నీలో. మధ్యలో మూడేళ్ళకు పైగా జట్టులోకి రావడం, పోవడం, అలవాటు లేని ఓపెనింగ్ స్థానంలో ఆడడం. సికింద్రాబాదులో ఆట నేర్చుకున్న మిథాలీ రాజ్ 2002 జనవరిలో తన మొదటి టెస్టులో సున్నాకే వెనుదిరిగింది. అదే ఏడాది ఆగస్టులో ఇంగ్లండ్‌లోని టాంటన్‌లో 214 పరుగులు చేసింది, అప్పటికి మహిళల టెస్టు క్రికెట్‌లో అదే అత్యధిక వ్యక్తిగత స్కోరు. డకౌటై ఏడుస్తున్న పిల్లవాడికి ఈ అంకెలు అప్పటికప్పుడు చెప్పకండి, అప్పుడు అతని చెవికి ఏదీ ఎక్కదు. వాన పడి ప్రాక్టీసు ఆగిపోయిన రోజున అందరినీ కూర్చోబెట్టి చెప్పండి.

ఔటైన రోజున పెద్దవాళ్ళు పాటించవలసిన క్రమం చాలా చిన్నది. ప్యాడ్లు విప్పేవరకు ఎవరూ ఏమీ అనకూడదు. నీళ్ళు ఇచ్చి పక్కన కూర్చుంటే చాలు. ఇంటికి వెళ్ళి, స్నానం చేసి, అన్నం తిన్న తరువాత కూడా పిల్లవాడే మాట ఎత్తితే తప్ప ఆ వికెట్టు గురించి మాట్లాడకూడదు. మరునాడు ప్రాక్టీసుకు వచ్చే ముందు అతను ఒక నోటుపుస్తకంలో మూడు ప్రశ్నలకు జవాబు రాయాలి: వచ్చిన బంతి ఎలాంటిది, దానిని నేను ఏం చేద్దామనుకున్నాను, నిజంగా ఏం చేశాను. ఈ మూడూ విడివిడిగా రాసినప్పుడు పిల్లవాడికి ఒక విషయం తనంతట తానే కనిపిస్తుంది. కొన్నిసార్లు అనుకున్నది సరైనదే, చేయడంలో తప్పు జరిగింది. దానికి మందు నెట్స్‌లో ఉంది. కొన్నిసార్లు చేయడం బాగానే ఉంది, అనుకున్నదే తప్పు. దానికి మందు ఆలోచనలో ఉంది. ఇంకొన్నిసార్లు బంతి నిజంగానే గొప్పది, చప్పట్లు కొట్టి ముందుకు సాగడమే చేయగలిగింది. "చెత్త షాట్ ఆడావు" అన్న ఒక్క మాటతో ఈ మూడింటినీ కలిపేస్తే పిల్లవాడు నేర్చుకునేది ఒక్కటే, ఇకముందు ఆ షాట్ ఆడకూడదని. పదకొండేళ్ళకే పుల్ షాట్ మానేసిన పిల్లలు నాకు తెలుసు. తరువాత దానిని వాళ్ళ చేత మళ్ళీ ఆడించడానికి రెండేళ్ళు పట్టింది.

ఆలోచించి ఒక షాట్‌ను పక్కన పెట్టడం వేరు. 2004 జనవరిలో సిడ్నీలో సచిన్ 241 పరుగులతో అజేయంగా నిలిచిన ఇన్నింగ్స్‌లో కవర్ డ్రైవ్‌ను పూర్తిగా మానుకున్నాడు, ఎందుకంటే ఆ పర్యటనలో ఆఫ్ స్టంపు బయటి బంతులే అతని వికెట్టును తీసుకుంటున్నాయి. అది భయంతో వదులుకున్నది కాదు, లెక్క వేసుకుని దాచుకున్నది. నోటుపుస్తకం అలవాటైన పిల్లలకు ఈ రెండింటికీ తేడా పద్నాలుగు పదిహేనేళ్ళ వయసులోనే అర్థమవుతుంది.

చేజారిన క్యాచ్

మన మైదానాలలో క్యాచ్ వదిలేసిన పిల్లవాడిని గ్రౌండు చుట్టూ పరిగెత్తించడం ఇంకా ఉంది. నేను కూడా మొదట్లో అలాగే చేశాను, దానికి ఈ రోజుకీ బాధపడుతున్నాను. పరిగెత్తించడం వల్ల క్యాచ్‌లు పెరగవు. బంతి గాలిలోకి లేచినప్పుడు పిల్లవాడు అది తన వైపు రాకూడదని కోరుకోవడం మొదలుపెడతాడు. కొంచెం గమనిస్తే ఇది కంటికి కనిపిస్తుంది: అడుగు ముందుకు పడవలసిన చోట మడమ మీద బరువు వేసి నిలబడిపోతాడు, అందుకోగలిగిన బంతికి అరసెకను ఆలస్యంగా కదులుతాడు. ఆ మడమను చూసిన తరువాతే నేను ఆ శిక్షను పూర్తిగా మానేశాను. ఇప్పుడు మా దగ్గర క్యాచ్ వదిలినవాడికి దొరికేది వెంటనే మరో మూడు క్యాచ్‌లు. మొదటిది చాలా తేలికది, రెండోది మామూలుది, మూడోది అతను వదిలిన లాంటిదే. మ్యాచ్‌లో వదిలితే ఓవరు అయిపోగానే కెప్టెన్ వచ్చి భుజం తట్టి, "తరువాతిది కూడా నీ దగ్గరికే వస్తుంది" అని చెప్పాలి. అతన్ని వేరే చోటికి మార్చకూడదు, దాచకూడదు.

ఇది ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో భారత ఫాస్ట్ బౌలరు మహ్మద్ సిరాజ్ ఉదంతం చెబితే తెలుస్తుంది. 2025 ఆగస్టులో లండన్‌లోని ఓవల్ టెస్టు నాలుగో రోజున ఇంగ్లండ్ బ్యాట్స్‌మన్ హ్యారీ బ్రూక్ 19 పరుగుల మీద ఉండగా ఇచ్చిన క్యాచ్‌ను సిరాజ్ చేతుల్లోకి తీసుకున్నాడు, కానీ వెనక్కి వేసిన కాలు బౌండరీని తాకింది, ఔటు కాస్తా సిక్సరయింది. బ్రూక్ 111 పరుగులు చేశాడు. ప్రపంచమంతా ఆ కాలి గురించే మాట్లాడుకున్న ఆ రాత్రి గడిచింది. మరునాడు ఉదయం ఇంగ్లండ్‌కు కావలసింది 35 పరుగులు, చేతిలో నాలుగు వికెట్లు ఉన్నాయి. ఆ నాలుగింటిలో మూడు సిరాజే తీశాడు, చివరిది యార్కర్‌తో స్టంపు ఎగరగొట్టి. భారత్ ఆరు పరుగుల తేడాతో గెలిచింది. హైదరాబాదు గల్లీల నుంచి వెళ్ళిన, ఆటో నడిపిన తండ్రి కొడుకు అది చేశాడని చెప్పినప్పుడు పిల్లల కళ్ళు మెరుస్తాయి. కానీ నేను వాళ్ళను ఆపి అడిగేది వేరే ప్రశ్న: మరునాడు ఉదయం కెప్టెన్ అతని చేతికి బంతి ఇవ్వకపోతే ఏమయ్యేది? తప్పు చేసినవాడిని నమ్మే మనిషి అవతల ఉన్నప్పుడే మనసు గట్టిపడుతుంది. మన పన్నెండేళ్ళ జట్టులో ఆ మనిషి కోచే కావాలి.

బౌలర్ల విషయంలో ఒక్క మాట చెప్పి ముందుకు వెళ్తాను, ఎందుకంటే పద్ధతి దాదాపు అదే. సిక్సరు తిన్న బౌలరు వేగంగా వెనక్కి నడిచి, ఇంకా వేగంగా పరిగెత్తి వచ్చి, షార్ట్ బంతి వేసి మళ్ళీ తింటాడు. అతనికి నేర్పవలసింది తన గుర్తు దగ్గర ఆగడం. బంతి సీమును వేళ్ళతో సరిచూసుకుని, ఏ బంతి వేయబోతున్నాడో మనసులో ఒక్క వాక్యంగా అనుకున్న తరువాతే పరుగు మొదలుపెట్టాలి. ప్రాక్టీసు మ్యాచ్‌లలో ఫీల్డింగును కోచ్ సర్దకుండా బౌలరుకే వదిలేయండి. పాయింట్ స్థానంలోని ఫీల్డరును తానే తీసేసి, అక్కడినుంచే ఫోరు ఇచ్చిన పిల్లవాడు మరుసటి బంతికి ముందు ఆలోచించే తీరు వేరుగా ఉంటుంది.

ఒత్తిడిని ముందే పరిచయం చేయడం

మ్యాచ్‌లో కాళ్ళూ చేతులూ ఆడకపోవడానికి పెద్ద కారణం ఆ పరిస్థితి కొత్తది కావడమే. దానిని ప్రాక్టీసులో పాతబరచాలి. ప్రతి శనివారం చివరి అరగంట ఒక సన్నివేశం పెట్టండి: రెండు ఓవర్లు, పద్నాలుగు పరుగులు, రెండు వికెట్లు. లేదా చివరి జోడీ పన్నెండు బంతులు ఔటవకుండా నిలవాలి. మిగతా పిల్లలంతా చుట్టూ నిలబడి కేకలు వేయాలి. ఓడినవాళ్ళు వికెట్లు, నెట్లు సర్దాలి, అంతకుమించిన పందెం అక్కరలేదు.

పరుగులు చేయకుండా నిలవడాన్ని కూడా గెలుపుగా లెక్కించే సన్నివేశాలు తప్పకుండా ఉండాలి, ఎందుకంటే ఇప్పటి పిల్లలు ఫోన్లలో సిక్సర్లు మాత్రమే చూస్తూ పెరుగుతున్నారు. 2021 జనవరిలో సిడ్నీలో మన కాకినాడలో పుట్టిన హనుమ విహారి తొడ కండరం పట్టేసి పరిగెత్తలేని స్థితిలో 161 బంతులు ఆడి 23 పరుగులతో నిలిచాడు. అవతల అశ్విన్ 128 బంతులు ఆడాడు. ఇద్దరూ నలభై ఓవర్లకు పైగా నిలబడి మ్యాచ్‌ను డ్రా చేశారు. అలాగే 2024 డిసెంబరు 28న మెల్‌బోర్న్‌లో విశాఖపట్నం కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 99 పరుగుల మీద ఉండగా తొమ్మిదో వికెట్టు పడింది. ఆస్ట్రేలియా బౌలరు కమిన్స్ ఓవరులో మిగిలిన మూడు బంతులను పదకొండో స్థానంలో వచ్చిన సిరాజ్ ఆపాడు. ఆ తరువాతే నితీశ్ సెంచరీ. ఆ మూడు బంతులను ఆపినవాడి గురించి మీ జట్టులోని చివరి బ్యాట్స్‌మన్‌కు చెప్పండి. మర్నాటి నుంచి అతను నెట్స్‌లో డిఫెన్స్ చేసే తీరు మారుతుంది, నేను చూశాను.

ఇంట్లో

తల్లిదండ్రులకు నేను చెప్పే విషయాలలో మొదటిది ప్రశ్నను మార్చడం. "ఎన్ని కొట్టావు?" బదులు "ఈ రోజు ఏ బంతి బాగా ఆడావు?" అని గానీ, "మీ జట్టులో ఎవరు బాగా ఆడారు?" అని గానీ అడగండి. రెండో ప్రశ్న చాలా విలువైనది. తన స్నేహితుడి ఆటను మెచ్చుకుంటూ చెప్పగలిగే పిల్లవాడు తన వైఫల్యాన్ని కూడా తట్టుకోగలడు. మ్యాచ్ జరుగుతున్నంతసేపూ బౌండరీ చుట్టూ తిరుగుతూ సైగలు చేసే నాన్నలు దయచేసి స్కోరరు బల్ల వెనక, పిల్లవాడికి కనిపించని చోట కూర్చోండి. ఇది చెప్పినప్పుడు కొందరు నొచ్చుకుంటారు, కానీ మూడు నాలుగు వారాలలో తేడా కనిపించి వాళ్ళే వచ్చి చెబుతారు.

రెండో విషయం ఇంకా సున్నితమైనది. నితీశ్ తండ్రి కొడుకు ఆట కోసం ఉద్యోగం వదులుకున్నారు. హైదరాబాదు బ్యాట్స్‌మన్ తిలక్ వర్మ తండ్రి ఎలక్ట్రీషియన్‌గా పనిచేస్తూ కొడుకును నిలబెట్టారు. ఈ త్యాగాలు నిజమైనవి, గౌరవించవలసినవి. కానీ ఈ కథలు విని, "నీ కోసం నేను ఇంత ఖర్చు పెడుతున్నాను, ఇంత కష్టపడుతున్నాను" అని పదేళ్ళ పిల్లవాడికి రోజూ గుర్తుచేసే తల్లిదండ్రులను చూసినప్పుడు నాకు గుండె బరువెక్కుతుంది. కోచింగ్ ఫీజు, కిట్, ప్రయాణం ఎంతవుతాయో పెద్దవాళ్ళకే తెలిసి ఉండాలి. ఆ అప్పును క్రీజులోకి మోసుకెళ్ళిన పిల్లవాడు ఆఫ్ స్టంపు బయటి బంతిని వదలలేడు. వదిలిన ప్రతి బంతీ అతనికి వృథా అయిన డబ్బులా కనిపిస్తుంది.

మూడోది వయసు. పుట్టిన తేదీ మార్చి సర్టిఫికెట్లు పుట్టించే పని ఇంకా అక్కడక్కడా జరుగుతూనే ఉంది. బీసీసీఐ పదహారేళ్ళ లోపు విభాగంలో మణికట్టు ఎముకల ఎక్స్‌రేతో టీడబ్ల్యూ3 పద్ధతిలో వయసును పరీక్షిస్తుంది కాబట్టి పట్టుబడే అవకాశం ఎక్కువ. అయితే నా అభ్యంతరం పట్టుబడడం గురించి కాదు. తనకంటే రెండేళ్ళు చిన్నవాళ్ళ మీద గెలవడానికి అలవాటుపడిన పిల్లవాడు తన ఈడువాళ్ళు ఎదురైన రోజున కుప్పకూలిపోతాడు. పైగా ఆ అబద్ధంలో నాన్న, అమ్మ, తాను అందరూ భాగస్వాములేనని అతనికి తెలుసు.

చదువును మానిపించకండి. లక్ష్మణ్ వైద్యుల ఇంట పుట్టి వైద్యవిద్యకూ ఆటకూ మధ్య ఎంచుకున్నవాడు, కుంబ్లే, అశ్విన్ ఇంజనీరింగు చదివినవాళ్ళు. క్రికెట్ తప్ప వేరే దారి లేదన్న స్థితి పిల్లవాడిని కసిగా ఆడిస్తుందని కొందరి నమ్మకం. నేను చూసినంతవరకు అది వణికిస్తుంది.

జాబితాలో పేరు లేని రోజు

జిల్లా సెలక్షన్సు గానీ, పదహారేళ్ళ లోపు పిల్లల విజయ్ మర్చంట్ ట్రోఫీ జట్టు కోసం జరిగే ప్రాబబుల్స్ (తుది జట్టుకు ముందు జరిగే ఎంపిక) గానీ ముగిసి జాబితా వచ్చినప్పుడు, అందులో పేరు లేని పిల్లలే ఎక్కువమంది. ఆ సాయంత్రం ఇంట్లో వినిపించే మాట సాధారణంగా ఒకటే ఉంటుంది: సెలక్టర్లు పక్షపాతం చూపించారని. కొన్నిసార్లు అది నిజమే కావచ్చు. కానీ ఆ మాట పిల్లవాడి చేతిలోంచి అన్నీ లాగేసుకుంటుంది. అన్యాయమే కారణమైతే ఇక సాధన చేయడం దేనికి? అందువల్ల నేను పిల్లవాడిని, తల్లిదండ్రులను కలిపి కూర్చోబెట్టి, వచ్చే ఆరు నెలల్లో అతను మెరుగుపరుచుకోగలిగిన రెండు విషయాలు మాత్రమే కాగితం మీద రాస్తాను. ఎడమచేతి స్పిన్‌కు కాళ్ళు కదలడం లేదు, బౌండరీ నుంచి త్రో కీపరుదాకా చేరడం లేదు, ఇలాంటివి. నిజం చెప్పాలి, మెత్తగా చెప్పాలి, కానీ లేని ఆశ కల్పించకూడదు. మన తెలుగు రాష్ట్రాలలో వేలమంది ఆడుతున్న ఆటలో జట్టుకు పదిహేను మందే ఎంపికవుతారన్న సంగతి పిల్లలు పెద్దవాళ్ళకంటే త్వరగా అర్థం చేసుకుంటారు.

చివరగా, కొన్ని గుర్తులను తేలికగా తీసుకోకండి. మ్యాచ్ రోజు ఉదయం ప్రతిసారీ కడుపునొప్పి రావడం, ముందురాత్రి నిద్ర పట్టకపోవడం, ఎప్పుడూ ఇష్టంగా తినే పిల్లవాడు పళ్ళెం ముందు కూర్చుని కెలకడం, కిట్ బ్యాగును చూడగానే చిరాకుపడడం వరుసగా కొన్ని వారాలు కనిపిస్తే అది బద్ధకం కాదు. ఒక నెల రోజులు కోచింగు ఆపేయండి. ఆ నెలలో క్రికెట్ గురించి ఎవరూ మాట ఎత్తవద్దు, తిరిగి వెళ్ళే తేదీ చెప్పవద్దు. వీధిలో పిల్లలు టెన్నిస్ బంతితో ఆడుతుంటే వెళ్తాడేమో దూరం నుంచి గమనించండి. నెల గడిచినా నిద్ర, తిండి గాడిన పడకపోతే పిల్లల మనస్తత్వ నిపుణుల దగ్గరికి తీసుకువెళ్ళండి, అందులో నామోషీ ఏమీ లేదు. నా దగ్గర ఒక అబ్బాయి అలా ఆగిపోయి, ఆరో వారం ఒక సాయంత్రం ఎవరికీ చెప్పకుండా బ్యాటు మాత్రం తీసుకుని గ్రౌండుకు వచ్చాడు. "సార్, ప్యాడ్లు తేలేదు, త్రోడౌన్స్ వేస్తారా?" అని అడిగాడు. చీకటి పడేదాకా దగ్గర నుంచి బంతులు విసురుతూనే ఉన్నాను. గంటకు పైగా ఆడినా ఒక్కసారి కూడా అతను చెట్టు వైపు చూడలేదు.